పొద కింద దారి

(అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో తెలుగువాళ్లం నెలకోసారి కలుసుకునే సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం. రెండు మూడు చోట్ల తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినబడుతోందా? సరే.

పోయిన నెల ఇక్కడే ఒకాయన అన్నమయ్య కీర్తనల మీద గంటసేపు మాట్లాడారు, పాడారు కూడా. ఆయన తర్వాత నన్ను నిలబెట్టడం అన్యాయం. నేను ఈ పూట మాట్లాడేది ముళ్ల గురించి. (నవ్వులు) ముళ్లు, కంప, పొదలు. వాటి మధ్యలోంచి ఒక కొండ శిఖరం దాకా పోయి వచ్చిన సంగతి.

మీలో పేసన్ ఊరు వెళ్లని వాళ్లు ఉండరు. ఎండాకాలం వస్తే చల్లగాలి కోసం పిల్లల్ని ఎక్కించుకుని 87 నంబరు రోడ్డు మీద పడతాం కదా, బీలైన్ హైవే. సగం దారి దాటాక ఎడమ చేతి వైపు పొడుగ్గా ఒక కొండల వరస వస్తుంది. ఎర్రగా, పైన రంపప్పళ్లలాగా ఉంటుంది. అందరం కారు అద్దంలోంచి చూసేసి పోతుంటాం. అవే మాటజాల్ కొండలు. రాతలో మధ్యన ఇంకో అక్షరం ఉంటుంది గానీ ఇక్కడివాళ్లు దాన్ని మింగేసి మాటజాల్ అనే అంటారు. మా ఆవిడ మొదటిసారి విని, "మాటల జాలమా? మీకు తగ్గ కొండే" అంది. (నవ్వులు) మెక్సికోలో నావాట్ల్ అని ఒక పాత భాష ఉంది. అందులో మసాట్ల్ అంటే జింక. పేరు ఆ మాటలోంచే వచ్చిందంటారు. జింకలైతే ఉన్నాయి, ఒకదాని సంగతి చివర్లో చెబుతాను.

ఆ వరసలో అన్నిటికన్నా ఎత్తైనది మాటజాల్ శిఖరం. 7,903 అడుగులు. కారు ఆపే చోటు దాదాపు 4,200 అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే ఎక్కాల్సింది 3,700 అడుగులు. పోను రాను పదమూడు, పద్నాలుగు మైళ్లు. కాగితం మీద చూస్తే ఇంతే. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాళ్లం, ఇదొక లెక్కా అనుకున్నాం. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం పక్క పల్లె. కరువంటే ఏందో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. అందుకని ఇరవై ఏళ్ల కింద ఉద్యోగానికి అరిజోనా అన్నప్పుడు ఎడారి అని అందరూ భయపెట్టినా నాకేం అనిపించలేదు. వచ్చి చూస్తే ఇంకో ఆశ్చర్యం. ఇక్కడి చెట్లన్నీ నాకు ముందే తెలుసు! మా చేను గట్టు మీద కిత్తనార మట్టలు ఉండేవి. కొన్ని ఊళ్లలో రాకాసి మట్టలంటారు. బారెడు మట్ట, కొసన సూది. రైలు కట్ట పొడుగునా అవే. దొడ్డికి కంచె నాగజెముడు. పొయ్యిలోకి సర్కారు తుమ్మ. అవన్నీ మా సీమ సొత్తే అనుకునేవాణ్ణి. ఇక్కడికొచ్చాక తెలిసింది, ఈ మూడూ ఈ ఖండం నుంచి మన దగ్గరకు పోయినవేనని. ఇక్కడ వీధుల్లో నీడకు పెంచే మెస్కీట్ చెట్టుంది చూడండి, మన సర్కారు తుమ్మకు దాయాది. వాళ్ల ఊరికి మనం వచ్చామన్న మాట. (నవ్వులు)

కాబట్టి ముళ్లు నాకేం కొత్త, అనుకున్నాను. ఈ గర్వం ఒకటి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

మొదటిసారి పోయింది ఏప్రిల్ చివర్లో. నాతో ప్రొద్దుటూరు అబ్బాయి ఒకడు వచ్చాడు. ఆఫీసులో నాకన్నా పదిహేనేళ్లు చిన్న, నన్ను అన్నా అంటాడు. పేరు చెప్పొద్దన్నాడు, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. తెల్లారకముందే బయల్దేరి, హైవే దిగి ఐదు మైళ్ల మట్టిరోడ్డు పోయి, బార్న్‌హార్ట్ అనే చోట కారు ఆపాం. అక్కణ్ణుంచి కాలిబాటలు ఒకటి కన్నా ఎక్కువే ఉన్నాయి. 43 నంబరుది పేరున్న బాట. వానలు పడ్డాక జలపాతాలు దూకుతాయని జనం వస్తారు. 44 నంబరుది, వై బార్ బాట అంటారు, దానికి గిరాకీ తక్కువ. శిఖరానికి దగ్గర దారి అనిపించి మేం 44 పట్టాం. జనం ఒక దారిని వదిలేశారంటే దానికో కారణం ఉంటుందన్న ఆలోచన ఆ పొద్దున మాకు రాలేదు.

మొదటి గంట హాయిగా గడిచింది. రెండో గంటలో పొదలు మోకాళ్లకు తగిలాయి, ఆ తర్వాత నడుముకు. ఇంకాస్త పోయాక ఎదురుగా గోడ. పచ్చగా, నిలువెత్తు గోడ. వాడు ఫోన్ తీసి చూసి, చాలా గట్టిగా, "అన్నా, మనం దారి మీదనే ఉన్నామన్నా" అన్నాడు. నేనూ చూశాను. నిజమే. నీలం చుక్క సరిగ్గా గీత మీదే ఉంది. (నవ్వులు) దారి మాత్రం లేదు.

ఆ గీత ఎవరో, ఎప్పుడో నడిచి ఎక్కించింది. లేదా పాత పటం చూసి గీసింది. గీతకు వయసు రాదు, పొదకు వస్తుంది. ఫోన్‌కు మనం ఎక్కడున్నామో తెలుసు గానీ మన ముందర ఏముందో తెలియదు.

దూరాం. అరగంటలో నా ముళ్ల గర్వం దిగిపోయింది. అక్కడొక చెట్టుంది, క్యాట్‌క్లా అంటారు, పిల్లిగోరు. మన రేగు కంప చూశారు కదా, ఒక ముల్లు నిటారుగా, ఒకటి కొక్కెంలాగా ఉంటుంది. ఇందులో నిటారువి లేవు, అన్నీ కొక్కేలే. ముందుకు పోయేటప్పుడు మెత్తగా లోపలికి రానిస్తుంది. వెనక్కి తీయబోతే పట్టుకుంటుంది. ఇక్కడివాళ్లు దానికి 'ఒక్క నిమిషం ఆగు' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. నేను నిక్కరు వేసుకుని పోయాను. ఎడారి కదా, ఎండ కదా! ఇంటికొచ్చాక కాళ్లు చూసి మా అమ్మాయి, "నాన్నా, పిల్లుల సంతకు పోయావా?" అంది.

ఆ కోట దాటడానికి అర మైలుకు రెండు గంటలు పట్టింది. అప్పటికి పదకొండున్నర. తలా నాలుగు లీటర్ల నీళ్లు తెచ్చుకున్నాం, సగానికి పైగా అయిపోయాయి. పటంలో ఊట అని రాసి ఉన్న చోట తడి మట్టి కూడా లేదు. శిఖరానికి ముందొచ్చే కనుమ ఇంకా కనబడనే లేదు. వాడేమో "ఇంకొంచెం పోదామన్నా" అంటాడు, ఆ వయసే అంత. వెనక్కి తిప్పాను. తిరుగు దారిలో వాడు నాతో మాట్లాడలేదు. కారు దగ్గరికొచ్చాక ఒక్క మాట అన్నాడు, "పులిహోర మిగిలిపోయింది" అని.

ఇంటికొచ్చాక నాకు పట్టిన పీడ ఏమిటంటే, ఎడారిలో దారిని పొద ఎట్లా మూసేసింది? దాహంతో వెనక్కొస్తే అర్థముంది. దారి తప్పి వస్తే అర్థముంది. పచ్చదనం ఎక్కువై వెనక్కి రావడమేంటి? చదివాను, అడిగాను. తెలిసింది చెబుతాను.

మొదటిది వాన. ఫీనిక్స్‌లో ఏడాదికి పడేది సుమారు 7 అంగుళాలు. మా అనంతపురంలో, దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటని చెప్పుకునే చోట, 22 అంగుళాల దాకా పడుతుంది. అంటే మనం ఇప్పుడు కూర్చున్న చోటు పక్కన మా ఊరు కోనసీమ! (నవ్వులు) కానీ కొండ ఎక్కేకొద్దీ ఆ లెక్క మారిపోతుంది. మేఘం కొండకు ఒరుసుకుని పైకి లేచి చల్లబడి కురుస్తుంది. పైగా ఇక్కడ రెండు వానకాలాలు. చలికాలంలో పసిఫిక్ వైపు నుంచి వచ్చే ముసురు, జులై నుంచి సెప్టెంబరు దాకా ఉరుములతో వచ్చే వాన. ఆ రెండోదాన్ని ఇక్కడివాళ్లు మాన్సూన్ అనే అంటారు. మనకు నవ్వొస్తుంది గానీ ఆ మాట తప్పేం కాదు, ఇక్కడా గాలి దిక్కు మారడమే కారణం. కాబట్టి కింద ఎడారి, నడుమ కంప అడవి, పైన పైన్ చెట్లు. ఒకే కొండ మీద మూడు ఊళ్లు. మేం ఇరుక్కున్నది నడిమి ఊళ్లో.

రెండోది నిప్పు. అసలు కథ ఇదే. 2004 జూన్‌లో ఆ కొండల్లో పిడుగు పడి అంటుకుంది. విల్లో ఫైర్ అని పేరు పెట్టారు. దాదాపు 1,19,500 ఎకరాలు కాలింది, అంటే 480 చదరపు కిలోమీటర్ల పైన. ఇన్నేళ్లయినా ఆ మొద్దులు ఇంకా నిలబడే ఉన్నాయి. జూనిపర్ మొద్దులు తెల్లగా, ఎముకల్లాగా. వాటిలో ఒక రకానికి బెరడు మొసలి చర్మంలా గళ్లు గళ్లుగా ఉంటుంది. చచ్చిన చెట్టు మీద కూడా ఆ గళ్లు కనబడతాయి.

నిప్పు పోయాక ఏం వస్తుంది? నీడనిచ్చే పెద్ద చెట్లు ఒక పట్టాన రావు. పొదలు మాత్రం వెంటనే లేస్తాయి. అక్కడ పొట్టి సింధూరం ఒకటుంది, స్క్రబ్ ఓక్. ఆకు అంచున ముళ్లు. పైనంతా కాలిపోయినా వేరు మొదలు బతికే ఉంటుంది. ఒక కొమ్మ ఉన్న చోట పది పిలకలు వేస్తుంది. మనవాళ్లు కరివేపాకు మొక్కను నరికితే గుబురుగా వస్తుందని నరకరూ? అదే సూత్రం, కాకపోతే లక్ష ఎకరాల మీద. ఇంకొకటి మంజనీటా. స్పానిష్‌లో చిట్టి ఆపిల్ అని అర్థం. ఎర్రటి నున్నటి కొమ్మలు, రాగి చెంబు తోమినట్టు మెరుస్తుంటాయి. చూడ్డానికి ఎంత అందమో, దూరడానికి అంత మొండి. ఇనుప చువ్వల్లాంటి కొమ్మ, వంగదు, విరగదు. అక్కడ పెరిగే రకం కాలితే చచ్చిపోతుంది. కానీ దాని గింజలు ఏళ్ల తరబడి నేలలో పడి ఉంటాయి. నిప్పు సెగ తగిలాక లేస్తాయి. మంట ఆరిన చోట ఇవన్నీ ఒక్కసారే లేస్తాయి, ఎవరి నీడా అడ్డం లేదు కాబట్టి. అన్నిటికన్నా ఖాళీగా, ఎండ బాగా పడేలా ఉన్న చోటు ఏది? మనుషులు చదును చేసి పెట్టిన కాలిబాట!

మూడోది చట్టం. ఇది విని నేను కాసేపు నమ్మలేదు. ఆ కొండలు మాటజాల్ వైల్డర్‌నెస్ అనే రక్షిత ప్రాంతం. 1940లో మొదలై, 1984లో పెంచాక రెండున్నర లక్షల ఎకరాలు దాటింది. 1964లో అమెరికా వైల్డర్‌నెస్ చట్టం తెచ్చింది. దాని ప్రకారం అలాంటి చోట రోడ్డు వేయకూడదు, బండి పోకూడదు, సైకిలు కూడా. మోటారు పనిముట్టు వాడకూడదు. అంటే దారి మీద పడిన చెట్టును తీయాలన్నా మోటారు రంపం పనికిరాదు. ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు పట్టుకుని లాగే పాత చేతిరంపమే దిక్కు. మా తాత కాలంలో, కోత మిల్లులు రాకముందు ఉండేది, గుర్తుందా? అది. సామాను మోయాలంటే కంచరగాడిద. నాసా ఉన్న దేశంలో! (నవ్వులు)

మొదట నాకు కోపమొచ్చింది. ఇప్పుడు లేదు. ఆ కొండలో నిలబడితే ఇంజను చప్పుడు వినబడదు, దానికి మనం కట్టే సుంకం ఈ పొదలు. కానీ సుంకం సుంకమే. దాని మీద నాకు భ్రమల్లేవు. మీద నుంచి వచ్చే డబ్బు తక్కువ, పనిచేసే చేతులు తక్కువ. అరిజోనా ట్రైల్ అని మెక్సికో సరిహద్దు నుంచి యూటా దాకా 800 మైళ్ల బాట ఉంది, 2011లో పూర్తయింది. అది ఈ కొండల వెన్ను మీదుగానే పోతుంది. దానికి అభిమానులున్నారు, పోయి కొట్టి బాగుచేస్తారు. దాని పక్కనున్న 44 లాంటి పిల్లబాటలకు అంత అదృష్టం లేదు.

సరే, రెండోసారి పోయిన సంగతి. నవంబరు నడిమి. ఈసారి మందపాటి కాన్వాస్ ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, తోలు చేతి తొడుగులు, కళ్లకు ప్లాస్టిక్ అద్దాలు. మా ఆవిడ చూసి, "తేనెపట్టు దించడానికా?" అంది. తలా ఐదు లీటర్ల నీళ్లు, పులిహోర, చిక్కీలు. కాగితం మీద అచ్చువేసిన పటం. తలదీపాలు రెండు, వాటికి అదనపు బ్యాటరీలు. ఇంకొక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎక్కడున్నా సరే, మధ్యాహ్నం ఒంటిగంటకు వెనక్కి తిరగాలి. నవంబరులో ఇక్కడ సాయంత్రం ఐదున్నర లోపే పొద్దు గుంకుతుంది.

అదే గోడ దగ్గరికి వచ్చాం. పచ్చగా అట్లాగే ఉంది, మమ్మల్ని గుర్తుపట్టినట్టు. వాడి బూటు లేసు కొమ్మకు చిక్కి ఊడింది. కట్టుకోవడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నడుం పట్టేసిందేమో అనుకున్నా.

"అన్నా," అన్నాడు, "దారి ఈడుందన్నా. కింద."

నేనూ గొంతుక్కూర్చుని చూశాను. మోకాలి కింద నుంచి చూస్తే సొరంగం! పైన కొమ్మలన్నీ అటూ ఇటూ నుంచి వచ్చి అల్లుకుపోయాయి, కానీ నేల దగ్గర అడుగున్నర వెడల్పున శుభ్రంగా దారి. ఎందుకంటే పొదలు దారి మధ్యలోంచి మొలవలేదు. ఏళ్ల తరబడి తొక్కిన నేల గట్టిపడి ఉంది. అంచుల్లో మొలిచి వెలుతురు కోసం లోపలికి వంగాయి. నిలబడ్డవాడికి అడవి, కూర్చున్నవాడికి దారి. ఏప్రిల్‌లో మేం రెండు గంటలు కొట్లాడింది నిలబడే!

ఆ తర్వాత మా నడక పద్ధతి మారిపోయింది. పది అడుగులు వేయడం, వంగి చూడడం. చూపును పొదల మీద కాకుండా నేల మీద పెట్టడం. చేతుల్తో కొమ్మల్ని నెట్టకుండా, భుజం ముందు పెట్టి పక్కకు తిరిగి జారడం. ముల్లు పట్టుకుంటే లాగకుండా ఒకడుగు వెనక్కేసి విడిపించుకోవడం. చెబితే సులువుగానే ఉంది, లాగొద్దని చేతికి నేర్పడానికి నాకు సగం రోజు పట్టింది.

ఇంకా కొన్ని ఆనవాళ్లు ఉంటాయి. అడ్డంగా పడిన మాను కొస చూడాలి. విరిగిందైతే చీలికలుగా ఉంటుంది, కోసిందైతే పళ్లెంలా నున్నగా ఉంటుంది. నున్నటి కొస కనబడిందంటే అక్కడొకప్పుడు ఎవరో రంపం పట్టుకుని కూర్చున్నారు, అది దారే. వాలులో రాళ్లు వరసగా అడ్డంగా పాతి ఉంటే అది వాననీళ్లు దారిని కోసేయకుండా పక్కకు మళ్లించడానికి పెట్టిన కట్ట, అదీ దారే. రాళ్ల గుట్టలు పేర్చి ఉంటే మంచిదే, కానీ వాటిని పూర్తిగా నమ్మకండి. దారి తప్పినవాళ్లు కూడా రాళ్లు పేరుస్తారు, ఇంకా ధైర్యంగా పేరుస్తారు. ఇక జింకల దారి మహా మోసం. చక్కగా, తేటగా పోతుంది, పోయిపోయి ఒక పొదలో దూరి అంతమవుతుంది. జింకకు నడుమెత్తు సందు చాలు. నాకు చాలదు.

ఆ ఎర్రరాళ్ల గురించి ఒక్క మాట. శిఖరం చుట్టూ ఉన్నది క్వార్ట్‌జైట్. ఒకప్పటి ఇసుక, గట్టిపడి, ఉడికి రాయైంది. వయసు దాదాపు 170 కోట్ల సంవత్సరాలు. బార్న్‌హార్ట్ లోయ గోడల్లో ఆ పొరలు మడతపెట్టిన దుప్పటిలా వంగి కనబడతాయి. ఆ కాలంలో జరిగిన ఒక పెద్ద పర్వత నిర్మాణానికి భూగర్భ శాస్త్రంలో ఈ కొండల పేరే పెట్టారు. వాడు నోరెళ్లబెట్టి చూస్తుంటే నాకు ఊరి పౌరుషం పొడుచుకొచ్చింది. మా కళ్యాణదుర్గం పక్క గుండ్లు 250 కోట్ల ఏళ్ల పైవిరా, వీటికి పెద్దన్నలు, అన్నాను. "అయితే ఆడికే పోయుంటే సరిపోయేదన్నా, దారన్నా ఉండేది" అన్నాడు.

కనుమకు వచ్చేసరికి పదకొండు నలభై. అక్కడి నుంచి శిఖరానికి బాటంటూ లేదు. ఇంకా వెయ్యి అడుగుల పైనే ఎక్కాలి. రాళ్ల మీద ఎక్కగలిగిన చోట రాళ్లు, లేని చోట మంజనీటా. ఒక చోట పొద మీద నుంచే నడిచాం. కాళ్ల కింద నేల లేదు, కొమ్మలే, ఊయలలాగా ఊగుతున్నాయి. రాళ్ల సందుల్లో చిన్న కిత్తనార ఒకటుంటుంది, పిక్కల ఎత్తున. మట్టల కొసలు మేకుల్లా నిలబడి ఉంటాయి. పడితే ఇక అంతే. కాబట్టి చేతులు రాయి మీద, కళ్లు కాళ్ల మీద.

ఒంటిగంటైంది. వాచీ చూసుకున్నాను. శిఖరం కనబడుతోంది, ఇంకో నూటయాభై, రెండొందల అడుగులు. వాడు నా మొహం చూశాడు. ఏప్రిల్‌లో వాణ్ణి తిప్పింది నేనే. ఈసారి, "పద" అన్నది కూడా నేనే. తప్పు నాదే, ఇక్కడ ఒప్పుకుంటున్నాను. పెట్టుకున్న కట్టుబాటును నలభై నిమిషాలకు అమ్ముకున్నాను.

పైకి చేరింది ఒకటీ నలభైకి. ఉత్తరాన మొగొయన్ రిమ్, పీఠభూమి అంచు, గోడలాగా ఆ చివర నుంచి ఈ చివర దాకా. దక్షిణాన ఫోర్ పీక్స్, మన ఇళ్ల మీద నుంచి రోజూ కనబడేవే, వెనక వైపు నుంచి చూస్తే వేరే కొండల్లా ఉన్నాయి. పడమట వెర్డే నది లోయ. ఏం చూశారని చాలామంది అడుగుతుంటారు. నిజం చెప్పాలంటే పులిహోర తిన్నాం. గాలికి చేతులు కొంకర్లు పోతుంటే, అన్నంలో వేరుశనగ గింజలు ఏరుకుని తిన్నాం. పదిహేను నిమిషాలు ఉన్నామో లేదో.

దిగడం మొదలుపెట్టాక తెలిసింది ఆ నలభై నిమిషాల ఖరీదు. ఎక్కేటప్పుడు చూసిన కొండ వేరు, దిగేటప్పుడు చూసే కొండ వేరు. మేం ఎక్కిన గాడి అనుకుని పక్క గాడిలో దిగాం. అది చక్కగా పోయి ముప్పై అడుగుల నిలువు కోతలో ఆగింది. కింద పొదలు, మెత్తగా కనబడుతున్నాయి. వాడు ఒంగి చూసి, "జారితే దిగొచ్చన్నా" అన్నాడు. అలాంటి మాటకు ఎప్పుడూ జవాబు చెప్పకూడదు. వెనక్కి తిరిగి ఎక్కడం మొదలుపెట్టాలి, వాడే వస్తాడు. వచ్చాడు. మళ్లీ పైదాకా ఎక్కి సరైన గాడి వెతుక్కునేసరికి ఒక గంట పోయింది. ఎక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి ఒకసారి చూసుకుంటే ఇది జరిగేది కాదు. ఫోన్ ఉంది కదా అని చూసుకోలేదు. ఆ ఇరుకు గాడిలో ఫోన్ చుక్క మమ్మల్ని గోడకు అవతల చూపించింది.

కనుమకు వచ్చేసరికి పొద్దు వాలింది. సొరంగాల దగ్గరికి వచ్చేసరికి చీకటి. తలదీపం వేస్తే ఎదురుగా ఉన్న ఆకులన్నీ తెల్లగా మెరిసి గోడ మళ్లీ లేచింది. వాడి తలదీపం పట్టీ తెగితే చేతిలో పట్టుకున్నాడు. అప్పుడు చూశాం, దీపం నడుం దగ్గర పట్టుకుంటే వెలుతురు పొదల కింద నుంచి పోతుంది. నేల మీద రాళ్ల నీడలు పొడుగ్గా పడతాయి, దారి పగటికన్నా తేటగా కనబడుతుంది! నేనూ తల నుంచి తీసి చేత్తో పట్టుకున్నా. అట్లా ఇద్దరం లాంతర్లు పట్టుకుని చేనుకు నీళ్లు కట్టడానికి పోయే రైతుల్లాగా నడిచాం.

ఒకచోట ఆ సొరంగంలో ముందర రెండు కళ్లు వెలిగాయి. నేల నుంచి మూడడుగుల ఎత్తున. వాడు నా వెనక సంచి పట్టుకున్నాడు. పేరు చెప్పొద్దన్నది ఇందుకే. (నవ్వులు) ఇద్దరం గట్టిగా మాట్లాడ్డం మొదలుపెట్టాం. ఏం మాట్లాడాలో తెలియక వాడు ఆఫీసు రిలీజు గురించి మాట్లాడాడు. అది కాసేపు విని, తల తిప్పి, తోక ఎత్తి పోయింది. జింక. దాని పేరున్న కొండలో దాని దారిలో మేం అడ్డంగా నిలబడ్డాం.

కారు దగ్గరికి వచ్చేసరికి రాత్రి ఎనిమిదీ పది. ఇంటికి ఏడుకల్లా వస్తామని చెప్పి ఉన్నాం. పది దాకా రాకపోతే షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేయమని మా ఆవిడకు కాగితం మీద బాట నంబరు, కారు నంబరు రాసిచ్చి పోయాను. ఇక్కడ కొండల్లో వెతికే పని కౌంటీ షెరిఫ్‌దే. హైవే ఎక్కాక సిగ్నల్ వచ్చి ఫోన్ చేసేసరికి తొమ్మిది దాటింది. ఫోన్ మొదటి మోతకే ఎత్తింది. ఏమందో ఇక్కడ చెప్పను, తను ముందు వరసలోనే ఉంది. (నవ్వులు)

తర్వాత ఫిబ్రవరిలో పొదలు కొట్టే స్వచ్ఛంద బృందంతో ఒక రోజు పోయాను. ఎనిమిది మందిమి, పొద్దున నుంచి సాయంత్రం దాకా. పొడుగు చేతుల కత్తెరలు, చేతిరంపాలు. మొత్తం కలిపి ఫుట్‌బాల్ మైదానాలు ఒక మూడింటి పొడుగు దారి తేరిందేమో. ఊడిగం అంటే అది. వాళ్లు నేర్పింది ఒకటి చెబుతాను. కొమ్మను నడిమికి కోయకూడదు, నేలకు సమంగా కోయాలి. లేకపోతే కోసిన మొదలు మొలలాగా నిలబడి, పడినవాణ్ణి పొడుస్తుంది. కోసిన కొమ్మను దారికి అవతల పడేసి, కోత కొస దారి వైపు కనబడకుండా తిప్పాలి. నేను మొదటి గంటంతా తప్పుగానే కోశాను. నా వెనక డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకరు, ఏమీ అనకుండా, నేను కోసినవన్నీ మళ్లీ కోసుకుంటూ వచ్చారు.

(సభలోంచి ఒకరు: పిల్లల్ని తీసుకుపోవచ్చా?)

44కు వద్దండి. 43 మీద మొదటి రెండు మైళ్లు తీసుకుపోండి, జనవరి ఫిబ్రవరిల్లో, వాన పడ్డాక. నీళ్లు దూకుతుంటాయి, మడతపడ్డ రాళ్లు చూపించొచ్చు. ఎండాకాలం మాత్రం వద్దు. 2023లో ఇక్కడ వరసగా 31 రోజులు పగటి ఎండ 110 ఫారెన్‌హీట్ డిగ్రీలకు తగ్గలేదు, మీరంతా చూసిందే. పైన కొంచెం చల్లగా ఉన్నా దిగేది ఆ మంటలోకే.

(ఇంకొకరు: పాములు?)

ఏప్రిల్‌లో ఒకటి కనబడింది. గిలక్కాయ మోగించి, తన దారిన తను పోయింది. పొదలో చేయి పెట్టే ముందు చూసి పెట్టండి, అంతే. నాకు మాత్రం పాముకన్నా పిల్లిగోరే ఎక్కువ చేసింది. రెండు వారాల తర్వాత కూడా మా ఆవిడ పిన్నీసుతో నా మోచేతిలోంచి ముల్లు తీసింది.

(ఇంకొకరు: ఆ పొదలు కొట్టే పనికి మేమూ రావచ్చా?)

రావచ్చు. ముందుగా పేరు ఇవ్వాలి, కత్తెరలు వాళ్లే ఇస్తారు. వచ్చే నెల ఒక శనివారం పోదామని మేమిద్దరం అనుకుంటున్నాం. పొద్దున ఐదింటికి బయల్దేరాలి. చేతి తొడుగులు తోలువి తెచ్చుకోండి, పెరట్లో గులాబీలకు వేసుకునే బట్టవి కాదు. నిక్కర్లు వద్దు. పులిహోర నేను తెస్తాను.